దేవుడు సంతోషించాడని ఎలా తెలుస్తుంది?

బెజవాడ చుట్టుపక్కల ఏ సంఘంలోనైనా సాక్ష్యాలు చెప్పే సమయంలో కాసేపు కూర్చుని వినండి. అబ్బాయికి ఇంజనీరింగ్ సీటొచ్చింది. అమ్మాయికి కువైట్ వీసా వచ్చింది. మొదటి స్కానింగులో కనబడ్డ గడ్డ రెండోసారి కనబడలేదు. ఏళ్ల తరబడి నలుగుతున్న స్థలం తగాదా తెగింది. ఒక్కొక్కరే లేచి మైకు అందుకుంటారు, దేవునికి మహిమ చెల్లిస్తారు, సంఘమంతా ఆమెన్ అంటుంది. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. మేలు పొందినవాడు నలుగురిలో ఆ మాట చెప్పుకోవడం మంచి మర్యాద. కాకపోతే, నిన్న కొట్లో తూకం తేడా లేకుండా వేశానని, ఆ క్షణాన దేవుడు నన్ను చూసి సంతోషించాడనిపించిందని లేచి చెప్పేవాళ్లు మాత్రం తగలరు. ఎవరైనా చెబితే, ఇదీ ఒక సాక్ష్యమేనా అన్నట్టు ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు.

చెప్పకుండా మిగిలిపోయే ఆ సాక్ష్యం గురించే ఈ నాలుగు మాటలు. నా రోజువారీ బతుకు చూసి దేవుడు సంతోషిస్తున్నాడా, సంతోషిస్తే ఆ సంగతి నాకెలా తెలుస్తుంది అన్న ప్రశ్న విశ్వాసుల మనసులో తరచూ మెదిలేదే. పైకి అడిగితే మన దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి, మేళ్లు లెక్కపెట్టుకోవడం. ఇల్లూ ఒళ్లూ ఉద్యోగమూ బాగుంటే దేవుడు మనమీద దయగా ఉన్నట్టు, లేకపోతే ఎక్కడో ఏదో పొరపాటు జరిగినట్టు. రెండోది, కూడికలో పాట తారస్థాయికి వెళ్లినప్పుడు ఒళ్లు పులకరించి కళ్లవెంట నీళ్లు రావడం. ఈ రెండింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ ఏ ఒక్కదాన్నీ నమ్ముకుని బతుకంతా నడవలేం.

మొదటి జవాబు ఎందుకు నిలవదో డెల్టా జనానికి వేరే చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. వేలమంది పోయారు. సాయంత్రం ప్రార్థన చేసుకుని పడుకున్న ఇళ్లనూ, అసలు ప్రార్థన ఎరగని ఇళ్లనూ సముద్రం వేరు చేసి చూడలేదు. నిన్నగాక మొన్న, 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో, ప్రకాశం బరాజ్ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పరుగెత్తుతుంటే, మరోపక్క బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వీధులను ముంచింది. బీరువాల్లో పెట్టుకున్న సర్టిఫికెట్ల దగ్గర్నుంచి బియ్యం డబ్బాల దాకా అన్నీ నానిపోయాయి. ఆ వారం ఎవరిమీద దేవునికి కోపం వచ్చింది, ఎవరిమీద ప్రేమ కలిగింది అని నీటిమట్టం కొలిచి చెప్పేవాడు ఉంటే అతని దగ్గర బైబిలు ఉన్నా అది చదవలేదన్నమాట. ఎందుకంటే ఇదే ప్రశ్న యేసు దగ్గరికీ వచ్చింది. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్లు యెరూషలేములో అందరికంటే పాపులు గనుకనే అలా జరిగిందనుకుంటున్నారా అని ఆయనే అడిగి, కాదని ఆయనే తేల్చాడు. లూకా సువార్త 13వ అధ్యాయంలో ఉంది. మన సాక్ష్యాల సమయంలో ఈ అధ్యాయం పెద్దగా వినబడదు.

రెండో జవాబు, పులకరింత. దీన్ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. రోజంతా బరువులు మోసిన మనిషి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో గంటసేపు ఏడ్చి తేలికపడి ఇంటికి వెళ్తే, ఆ కన్నీటిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అయితే కీబోర్డు వాయించే కుర్రాడికి ఏ శృతి దగ్గర జనం కరుగుతారో బాగా తెలుసు. ముందు రాత్రి నిద్ర సరిగ్గా లేకపోయినా, షుగరు తగ్గినా, మనసు బాగోలేకపోయినా పులకరింత రాదు. రాకపోతే దేవుడు వెళ్లిపోయినట్టా? కలకత్తాలో పేదల మధ్య జీవితం గడిపిన మదర్ థెరెసా ఉత్తరాలు ఆమె పోయిన పదేళ్లకు, 2007లో, పుస్తకంగా వచ్చినప్పుడు చాలామంది ఉలిక్కిపడ్డారు. దాదాపు అర్ధశతాబ్దం పాటు ప్రార్థనలో ఆమెకు దేవుడు ఉన్నట్టే అనిపించలేదట. అయినా మర్నాడు పొద్దున్నే లేచి పనికి వెళ్లింది. ఆమె చేసిన పని మీద దేవునికి సంతోషం లేదని ఆ ఉత్తరాలు చదివి ఎవరైనా అనగలరా? మనిషికి అనిపించడం ఒకటి, ఉన్న సంగతి ఇంకొకటి. సరిగ్గా ఇక్కడే ఈ విషయం కాస్త చిక్కు పడుతుంది. అనిపించడాన్ని పూర్తిగా నమ్మకూడదు, అలాగని పూర్తిగా కొట్టేయనూ కూడదు.

ఆ చిక్కు విప్పడానికి మొదట బైబిల్లో దేవుడు ఎప్పుడు సంతోషించాడో చూడాలి. అన్నిటికంటే స్పష్టమైన చోటు యొర్దాను నది. యేసు నీళ్లలోంచి ఒడ్డుకు వచ్చాడు, ఈ నా కుమారుడి విషయంలో నాకు ఆనందమేనని ఆకాశం నుంచి తండ్రి స్వరం వినిపించింది. ఈ కథ మనకు ఎంత అలవాటైపోయిందంటే దాని వరసను గమనించం. అప్పటికి యేసు ఒక్క అద్భుతమూ చేయలేదు. ఒక్క ప్రసంగమూ చేయలేదు. ఒక్క రోగినీ బాగుచేయలేదు. ముప్పై ఏళ్ల వయసు, అందులో ఎక్కువ భాగం నజరేతు అనే చిన్న ఊళ్లో వడ్రంగి పనిలో గడిచింది. సంతోషం ముందు వచ్చింది, పని తర్వాత వచ్చింది. ఆరేళ్ల పిల్ల సంక్రాంతి పొద్దున గుమ్మం ముందు వంకరటింకర ముగ్గు వేసి నాన్నను చెయ్యిపట్టి లాక్కొచ్చి చూపిస్తే, ఆ నాన్న మొహం వెలిగేది గీతలు చూసి కాదు కదా. పిల్ల తనది. ముగ్గు ఏడాదికేడాది చక్కబడుతుంది, అది వేరే సంగతి.

ఈ వరస తిరగబడితే మతం కూలిపని అయిపోతుంది. ఇంత ప్రార్థన చేశాను, ఇంత కానుక వేశాను, ఇన్ని ఉపవాసాలున్నాను, కాబట్టి నాకింత సంతోషం బాకీ అని లెక్క చూసుకోవడం మొదలవుతుంది. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా గుణదల కొండ దగ్గర నిలబడితే ఈ రెండు రకాల మనసులూ ఒకే మెట్ల మీద ఎక్కుతూ కనబడతాయి. 1924లో ఇటలీ నుంచి వచ్చిన ఆర్లాటి అనే ఫాదరు అక్కడి కొండలో లూర్దుమాత స్వరూపాన్ని నిలిపిన నాటి నుంచి ఆ జనం పెరుగుతూనే ఉన్నారు. క్రైస్తవులే కాదు, అన్ని మతాలవాళ్లూ వస్తారు. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు. బేరం కుదిరింది గనుక మొక్కు తీర్చడానికి వచ్చినవాళ్లున్నారు. బేరమేమీ లేకుండా, ఏడాదికొకసారి చూసిపోదామని వచ్చినవాళ్లూ ఉన్నారు. ఎవరిది ఏ రకమో బయటివాడు చెప్పలేడు. ఎక్కేవాడికి మాత్రం దిగేటప్పుడు తెలుస్తుంది. మొక్కు తీరినవాడికి బాకీ తీరిన తేలిక ఉంటుంది. ఆ రెండోవాడిలోని తృప్తి వేరు, అది మళ్లీ రమ్మంటుంది.

కృష్ణా జిల్లా క్రైస్తవ చరిత్రలో ఈ వరసను తన బతుకుతో చూపినవాడు ఒకడున్నాడు. రాఘవాపురం మాలపల్లికి చెందిన పగోలు వెంకయ్య. దొంగల ముఠాకు నాయకుడిగా తిరిగిన మనిషి అని ఆనాటి మిషనరీలు రాసిపెట్టారు. రాతి విగ్రహం దేవుడు కాదన్న మాట ఒకటి ఎవరి నోటో విని, అది మనసులో పడి, మరి అసలు దేవుడెవరో ఎక్కడున్నాడో తనకు కనబడమని పేరైనా తెలియని ఆ దేవుణ్ణే అడగడం మొదలుపెట్టాడు. బైబిలు లేదు, పాస్టరు లేడు, సంఘం లేదు. పాటా లేదు. ఒట్టి అడగడమే ఉంది, అదీ రోజుల తరబడి కాదు, ఏళ్ల తరబడి. చివరికి బెజవాడలో టి. వై. డార్లింగ్ అనే మిషనరీని కలిశాడు. 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ ప్రాంతపు మాలపల్లెల్లో క్రైస్తవం పాకడం అక్కడినుంచే మొదలైంది. బోధకుడి ప్రసంగం వల్ల కాదు, పల్లెవాసి వెతుకులాట వల్ల.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. వెంకయ్య ఆ ఏళ్లలో చేసిన ప్రార్థనలను దేవుడు విన్నాడా లేదా? విన్నాడనే ఈనాటి సంఘమంతా నమ్ముతుంది. అంటే సిద్ధాంతం తెలియక ముందే, బాప్తిస్మానికి ముందే, ఒకప్పటి దొంగ ఆకాశం వైపు చూసిన చూపులో దేవునికి ఇష్టమైనది ఏదో ఉందన్నమాట. 147వ కీర్తన కూడా ఇదే చెబుతుంది. గుర్రాల బలం చూసీ, మనిషి కాళ్ల సత్తువ చూసీ దేవుడు మురిసిపోడట. తన కృపకోసం ఎదురుచూసేవాళ్లను చూసి సంతోషిస్తాడట. వెంకయ్య చేసింది ఆ ఎదురుచూడటమే. బాప్తిస్మంతో అతని పల్లెకు పొలం రాలేదు, ఊరి బావి దగ్గర చోటూ రాలేదు. మేళ్ల లెక్క ప్రకారం చూస్తే అతని సాక్ష్యం మైకు దాకా వచ్చేదే కాదు.

కాళ్ల సత్తువ అన్నాను గనుక ఎరిక్ లిడెల్ సంగతి చెప్పాలి. ఇంగ్లీషు చదివిన క్రైస్తవ యువకులు ఈ విషయం ఎత్తగానే తెచ్చే పేరు అదే. స్కాట్లండు మిషనరీల కొడుకు, 1902లో చైనాలో పుట్టాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో హీట్స్ ఆదివారం పడ్డాయని తనకు బాగా పట్టున్న 100 మీటర్ల పరుగు వదులుకున్నాడు. 400 మీటర్లు 47.6 సెకన్లలో పరుగెత్తి స్వర్ణం గెలిచాడు. మరుసటి ఏడు మిషనరీగా చైనా వెళ్లిపోయాడు. 1945 ఫిబ్రవరిలో, జపాను సైన్యం పెట్టిన నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. అతని కథతో 1981లో 'చారియట్స్ ఆఫ్ ఫైర్' సినిమా వచ్చింది. పరుగెత్తుతున్నప్పుడు దేవుని సంతోషం తనకు తెలుస్తుందని అందులో అతని పాత్ర తన చెల్లెలితో అంటుంది. ప్రసంగాల్లో ఇది లిడెల్ అన్న మాటగానే చలామణీ అవుతోంది. నిజానికి అది సినిమా రచయిత కాలిన్ వెలాండ్ కలం నుంచి వచ్చిన సంభాషణ. అయితే మాత్రమేం, విషయం ఉన్న మాటే. దేవుడు ఇచ్చిన నేర్పును వాడుతున్నప్పుడు కలిగే ఆనందం దేవునిదీ మనిషిదీ కలిసిన ఆనందం అని దాని సారం. కీర్తన చెప్పినదానికి ఇది ఎదురు కాదు. దేవుడు మురిసేది కాళ్లు చూసి కాదు, కాళ్లున్నవాడు తన పరుగును ఎవరి చేతుల్లో పెట్టాడో చూసి.

లిడెల్ కథలో మనవాళ్లు గమనించని పాఠం ఇంకొకటుంది. పరుగు చర్చి పని కాదు. ప్రసంగం, పాట, సువార్త కూడికలు మాత్రమే దేవుని పని, తక్కినవన్నీ లోకం పని అన్న గోడ మనలో చాలా బలంగా ఉంది. ఆ గోడకు తలకొట్టుకున్న తెలుగువాడు గుర్రం జాషువా. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. సంస్కృతం, కావ్యాలు, పురాణాలు ఇష్టపడి నేర్చుకున్నాడు. ఇతర కులాలవాళ్లు అంటరానివాడికి పద్యమేమిటన్నారు. సొంత సంఘంలోని పెద్దలు క్రైస్తవుడికి పురాణాలేమిటన్నారు. రెండువైపులా వాతలు పడ్డాయి. 1941లో 'గబ్బిలం' రాశాడు, కాశీలో ఉన్న శివుడికి ఒక అస్పృశ్యుడి గోడు గబ్బిలంతో పంపే కావ్యం అది. కేంద్ర సాహిత్య అకాడమీ 1964లో అతనికి అవార్డు ఇచ్చింది మాత్రం 'క్రీస్తు చరిత్ర'కు. పద్యం కుదిరిన క్షణాన జాషువాకు కలిగిన ఆనందం దేవునికి ఇష్టమా కాదా? ఇష్టం కాదని ఆనాటి పెద్దలు అనుకున్నారు. వాళ్లు పొరబడ్డారని నేననుకుంటాను. ఆదికాండం మొదటి అధ్యాయంలో దేవుడు ఒక్కో పనీ చేసి, చూసుకుని, బాగుందనుకుంటాడు. బాగా చేసిన పనిని చూసి తృప్తిపడే ఆ గుణం ఆయన పోలికలో చేయబడినవాళ్లకు ఉండకుండా ఎలా ఉంటుంది?

పద్యం, పరుగు అంటే మెరిసే పనులు. మనలో ఎక్కువమంది చేసేవి మెరవనివి. సూర్యారావుపేటలోని నర్సింగ్‌హోముల్లో రాత్రి డ్యూటీ చేసే నర్సులనే తీసుకోండి. కోస్తా జిల్లాల క్రైస్తవ ఇళ్లలో ఈ చదువు చదివిన ఆడపిల్లలు చాలామంది ఉంటారు. తెల్లవారుజామున మూడు గంటలు. పక్షవాతం వచ్చి తెలివిలేని ముసలాయన. రెండు గంటలకోసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పాలి, లేకపోతే నడుము దగ్గర, మడమల దగ్గర ఒత్తుడు పుండ్లు పడతాయి. చార్టులో టిక్కు పెట్టి ఊరుకున్నా అడిగేవాళ్లు లేరు. బంధువులు వరండాలో పడుకున్నారు, డాక్టరు పొద్దున్న గానీ రారు, ముసలాయనకా తెలివి లేదు. నర్సు ఆయాను నిద్రలేపి, ఇద్దరూ కలిసి ఆయన్ని ఒత్తిగిలిస్తారు. నడుం కింద దుప్పటి ముడత ఒకటి ఉంటే అరచేత్తో సాపు చేస్తుంది, చర్మం ఎర్రబడిందేమో టార్చి వేసి చూస్తుంది. వీపు వెనక దిండు సర్ది అప్పుడు టిక్కు పెడుతుంది. అయిదు నిమిషాల పని. ఆ తర్వాత కుర్చీలో కూర్చున్నప్పుడు ఆమెకు ఒక చిన్న నెమ్మది కలుగుతుంది. పులకరింత కాదు. జీతం పెరగలేదు. ఎవరూ చూడలేదు, కానీ చూడవలసినవాడు చూశాడన్న నెమ్మది. దేవుని సంతోషం సామాన్యంగా మనిషికి తెలిసేది ఈ మోతాదులోనే. పెద్ద మోతాదు కోసం ఎదురుచూసేవాళ్లు దీన్ని గుర్తుపట్టరు.

మనుషుల కోసం కాక ప్రభువు కోసం అన్నట్టు మనస్ఫూర్తిగా పని చేయమని పౌలు కొలొస్సయులకు రాశాడు. ఆఫీసుల్లో, బడుల్లో ఇది గోడమీద వేలాడుతూ ఉంటుంది. దానికి ముందు వాక్యం ఎవరిని ఉద్దేశించి మొదలైందో గోడ మీద ఉండదు. దాసులను. జీతం లేని, మెప్పు లేని, తప్పించుకునే వీలూ లేని మనుషులకు చెప్పిన మాట అది. మన డెల్టాలో దీనికి అర్థం ఇంకా బాగా తెలుస్తుంది. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట 1855కల్లా పూర్తయింది. ఆలోచన ఆర్థర్ కాటన్‌ది, కట్టించింది కెప్టెన్ ఓర్. కాటన్ గట్టి విశ్వాసి, కరువులో చచ్చేవాళ్లకు నీళ్లివ్వడం క్రైస్తవుడిగా తన బాధ్యత అని నమ్మినవాడు. అతని విగ్రహాలు ఊరూరా ఉన్నాయి, ఉండాల్సిందే. మట్టి తవ్వినవాళ్ల, రాళ్లు మోసినవాళ్ల విగ్రహాలు లేవు. ఆ కాలవల కింద నాట్లు వేసి కోతలు కోసిన మాల మాదిగ పల్లెలవాళ్లే తర్వాత పెద్ద సంఖ్యలో క్రైస్తవులయ్యారు. నీళ్లు వచ్చిన పొలాలు వాళ్లవి కావు. పౌలు మాట మొదట వాళ్లది, ఆ తర్వాతే ఇంజనీరుది.

వాళ్ల మధ్యకు దేవుని సంతోషాన్ని చేతితో పట్టుకోగలిగేంత దగ్గరగా తెచ్చిన మనిషి బిషప్ అజరయ్య. తిరునెల్వేలి తమిళుడు, 1874లో పుట్టాడు. 1909లో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. తర్వాత కృష్ణా జిల్లా సంఘాలు కూడా ఆయన మండలంలోకే వచ్చాయి. 1945 జనవరి 1న పోయేదాకా ఆ పల్లెల్లోనే తిరిగాడు. ఆయన ముందు పెద్ద ప్రశ్న ఒకటుంది. పూట గడవని కూలీలను కానుక అడగవచ్చా? అడగకూడదు, విదేశీ మిషను డబ్బుతోనే నడపాలి అనే మెత్తని మనసులవాళ్లు చాలామంది ఉన్నారు. అడగాలి అన్నాడు అజరయ్య. పేదవాడిని ఇవ్వనక్కర్లేదనడం అతన్ని తక్కువ చేయడమే అన్నది ఆయన పట్టు. ఆ పట్టు మీదే 'క్రిస్టియన్ గివింగ్' అనే పుస్తకం రాశాడు. ఆయన మండలంలో బాగా నాటుకున్న పద్ధతి పిడికెడు బియ్యం. ఇప్పటికీ కొన్ని సంఘాల్లో నడుస్తోంది.

పద్ధతి చూడ్డానికి చాలా చిన్నది. ఇల్లాలు వంటకు బియ్యం కొలుస్తుంది. ఎసట్లో పోయకముందు, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు వెనక్కి తీసి పొయ్యి పక్కన ఉన్న వేరే పిడతలో వేస్తుంది. అలా తీసింది అదనపు బియ్యం కాదు, ఈ పూట అన్నంలోంచి తగ్గే బియ్యం. పిడికెడు నలభై గ్రాములనుకున్నా, రెండు పూటలా వేస్తే వారానికి అర కిలో దాటుతుంది. ఆదివారం ఆ పిడత మూట అవుతుంది, మూట గుడికి వస్తుంది. అక్కడ అన్నీ కలిపి బోధకుడి కుటుంబానికో, సంఘం ఖర్చుకో వాడతారు. కోత పండుగనాడు ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు కూడా వస్తాయి. వాటిని గుడి ముందే వేలం పాడతారు. గుమ్మడికాయను నాలుగింతల ధరకు పాడుకుని, అంత ఇచ్చి కొన్నందుకు ఇంట్లో చివాట్లు తిని, మళ్లీ ఏడు అదే పని చేసే పెద్దమనుషులు ప్రతి సంఘంలో ఉంటారు.

ఈ పిడికెటి గురించి రెండు మాటలు దాచకుండా చెప్పాలి. తగ్గిన అన్నం ఎవరి కంచంలో తగ్గింది? మన ఇళ్లలో చివర తినేది ఎవరో అందరికీ తెలిసిందే. అంటే ఆ కానుకలో ఎక్కువ భాగం ఆడవాళ్ల ఆకలిలోంచి వచ్చింది. సంఘం లెక్కల పుస్తకంలో మాత్రం మగవాడి పేరుండేది. ఇక రెండో మాట. ఆమెకు దాంట్లో కలిగిన సంతోషం నిజమైనది. కూలికోసం ఒకరి గుమ్మం దగ్గర, గంజికోసం ఇంకొకరి గుమ్మం దగ్గర చెయ్యి చాపడమే ఎరిగిన మనిషి, ఆ పిడికిలి విప్పి బియ్యం రాల్చే క్షణాన ఇచ్చేవాళ్ల వరసలోకి వచ్చింది. మేలు చేయడం, ఉన్నది పంచుకోవడం మరిచిపోవద్దని, అలాంటి అర్పణలే దేవునికి ఇష్టమని హెబ్రీ పత్రిక చెబుతుంది. ఆమె ఆ పత్రిక చదవలేదు, చాలామందికి అక్షరం రాదు. రోజుకు రెండుసార్లు చేత్తో నేర్చుకుంది. మదర్ థెరెసాకు అర్ధశతాబ్దం దొరకనిది ఈమెకు పొయ్యి పక్కనే దొరికిందా అంటే నేను చెప్పలేను. దొరికినా దొరకకపోయినా ఇద్దరూ మర్నాడు మళ్లీ అదే పని చేశారన్నది మాత్రం నిజం.

సరే, పులకరింతను పూర్తిగా నమ్మకూడదన్నాను, నర్సు నెమ్మదిని మాత్రం నమ్మమంటున్నాను. రెండింటికీ తేడా తెలిసేదెలా? దీనికి సాధన ఒకటుంది. అది నేర్పినవాడి పేరు బెజవాడలో ఆటో ఎక్కేవాళ్లందరికీ తెలుసు. ఆంధ్ర లయోలా కాలేజీని 1953లో పెట్టింది యేసు సభ ఫాదర్లు. లయోలా అన్నది స్పెయిన్‌లో ఆ సభ స్థాపకుడు ఇగ్నేషియస్ పుట్టినచోటు. అతను మొదట సైనికుడు. 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. నెలల తరబడి మంచం మీద ఉన్నాడు. వీరుల కథలు కావాలని అడిగితే ఇంట్లో అవి లేవు. క్రీస్తు జీవితం, పరిశుద్ధుల చరిత్రలు మాత్రమే ఉన్నాయి. అవి చదువుతూ, మధ్యలో తన పాత కలలు కంటూ రోజులు గడిపాడు. ఒకనాడు ఒక తేడా గమనించాడు. యుద్ధాలు గెలిచినట్టూ గొప్పింటి స్త్రీ మెప్పు పొందినట్టూ ఊహించుకున్నప్పుడు అప్పటికి హాయిగానే ఉంది, ఊహ అయిపోగానే మనసు ఎండిపోతోంది. పరిశుద్ధుల్లా బతకాలని ఊహించుకున్నప్పుడూ హాయిగానే ఉంది, అయిపోయాక కూడా ఆ హాయి పోవడం లేదు. కలిగిన క్షణంలో రెండూ ఒకేలా ఉన్నాయి. తేడా తెలిసింది తర్వాతే.

దాని మీదే అతను రోజువారీ ఆత్మపరిశీలన ఒకటి కట్టాడు. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి. ముందు కృతజ్ఞత చెప్పాలి. తర్వాత, నన్ను నేను సరిగ్గా చూసుకునే వెలుగు ఇమ్మని అడగాలి. పొద్దుటినుంచి గంట గంటా వెనక్కి నడవాలి, ఏ పని చేశాక మనసు తెరుచుకుంది, ఏది చేశాక ముడుచుకుంది అని. తప్పుంటే క్షమాపణ అడిగి, రేపటికి ఒక నిర్ణయం తీసుకోవాలి. పది, పదిహేను నిమిషాలు చాలు. మా సంఘాల ప్రొటెస్టెంటు పెద్దలు ఇది ఆర్‌సీఎం వాళ్ల పద్ధతి కదా అని ముఖం చిట్లించవచ్చు. పోనివ్వండి, పడుకునే ముందు మోకరించి ఆ రోజంతా తిరగేసుకోవడం వాళ్ల అమ్మమ్మలూ చేసిందే, పేరు పెట్టలేదంతే.

చేసి చూస్తే కొన్ని వింతలు బయటపడతాయి. పొద్దున్న మైకులో చేసిన ప్రార్థన రాత్రికి ఏమీ మిగల్చదు. మధ్యాహ్నం బస్టాండులో దారి తప్పిన ఒక ముసలమ్మను అవనిగడ్డ బస్సు ఎక్కించిన మూడు నిమిషాలు మాత్రం వెచ్చగా మిగిలి ఉంటాయి. ఆఫీసులో గెలిచిన వాదన చేదుగా మిగులుతుంది. ఇంట్లో ఓడిపోయి ఊరుకున్నది తియ్యగా మిగలవచ్చు. ఒక్కరోజుతో తేలదు. ఏ పని పదే పదే ఆ నెమ్మదిని మిగులుస్తోందో చూసుకుంటూ పోతే, మనం దేనికోసం చేయబడ్డామో కొంచెం కొంచెంగా అర్థమవుతుంది. ఏమీ అనిపించని రోజులు కూడా వస్తాయి, వారాలూ రావచ్చు. అప్పుడు యొర్దాను దగ్గరి వరసను గుర్తుచేసుకోవడమే, సంతోషం ముందు, పని తర్వాత అని. నెలల తరబడి ఏ పనీ, ఏ మనిషీ, ఏ తిండీ ఇష్టంగా అనిపించకపోతే అది విశ్వాసం సంగతి కాదు, డాక్టరుకు చూపించుకోవాల్సిన సంగతి. దాన్ని పాపం ఖాతాలో రాసి మనుషులను ఇంకా కుంగదీసే బోధ మన మధ్య ఉంది, అది ఆగాలి.

ఇంకో రకం రాత్రి కూడా ఉంటుంది. నాట్ల రోజుల్లో పొద్దుటినుంచి బురదలో వంగి నడుం పట్టేసిన ఆడమనిషి, మేస్త్రీ కూలిలో కోత పెట్టాడని తెలిసి, పడుకునే ముందు రోజంతా తిరగేసుకుంటే దొరికేది నెమ్మది కాదు, కోపం. ఆ కోపాన్ని అణుచుకుని సంతోషంగా సేవ చేయమని పౌలు పేరు చెప్పి నోరు మూయించడం ఈ డెల్టాలో తరాలుగా జరిగింది. యాకోబు పత్రిక చదివితే అలా చెప్పే వీలు లేదు. చేలు కోసినవాళ్లకు ఎగ్గొట్టిన కూలి తనంతట తానే మొరపెడుతుందని, ఆ మొర సైన్యములకధిపతియైన ప్రభువు చెవిన పడిందని అందులో ఉంది. అంటే ఆమె కోపానికి దేవుని దగ్గర చోటుంది. పరిశీలన అవసరమైనది ఆమెకంటే ఎక్కువగా మేస్త్రీకి, రైతుకు, కాంట్రాక్టరుకు. ఇప్పుడు మన సంఘాల్లో కూలీలే కాదు, కూలి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఆటోనగర్‌లో షెడ్లున్నవాళ్లు, అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్లు, చేపల చెరువులు లీజుకు తీసుకున్నవాళ్లు ముందు వరసలోనే కూర్చుంటున్నారు. ఆదివారం కానుక పళ్లెం వాళ్ల ముందుకు వచ్చినప్పుడు, శనివారం సాయంత్రం మీ పనివాళ్లందరికీ లెక్క ముట్టిందా అని అడిగే అలవాటు మాత్రం మన సంఘ పెద్దలకు ఇంకా రాలేదు.